మరొకరి ఇంటర్వ్యూలో నేను

ఇప్పుడంటే నన్ను వేదిక ఎక్కించి, మానవ వనరుల పరిశోధనకు పెద్ద దిక్కు అంటూ శాలువాలు కప్పుతున్నారు గానీ, ఖరగ్‌పూర్‌లో చదివిన ఆ రోజుల్లో నేను భయపడని మనిషి లేడు. రిక్షా అతను బెంగాలీలో ఎక్కడికని అడిగినా భయమే, హిజ్లీ హాస్టల్లో మెస్ దీదీ ఇంకాస్త అన్నం కావాలా అన్నా భయమే. అందరికన్నా మా గైడంటే హడలు. (ఆయన్ని పులి మాస్టారు అనేవాళ్లం, అదీ ఆయన ఊళ్లో లేనప్పుడే.) ఇంత పిరికిదానికి ఆయన ఇచ్చిన పరిశోధనాంశం ఏమిటంటే, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అభ్యర్థుల భయం!

ఆ ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో ఓ అద్దె హాల్లో ఏదో కంపెనీ ఇంటర్వ్యూలు పెడితే, మూల కూర్చుని చూసేందుకు మాస్టారు నాకు అనుమతి సంపాదించారు. "అక్కడ నోరెత్తావో, అనుమతీ పోతుంది, నీ పీహెచ్‌డీ కూడా పోతుంది" అని చెప్పి మరీ పంపారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి బంట్రోతు దాదా (అక్కడ అన్నలంతా దాదాలే) నా పేరు పిలిచాడు. లోపలికి వెళ్తే ముగ్గురు అధికారుల్లో మీసాలాయన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి "బైఠియే" అన్నాడు. కూర్చున్నాను.

"మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకున్నారు?"

నన్ను అభ్యర్థి అనుకుంటున్నారు! కాదని చెప్పడానికి భయం, జవాబు చెప్పకపోతే ఇంకా భయం. "అనుకోలేదండి, మాస్టారు పంపారు" అన్నాను. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"పోనీ, మీలో ఉన్న బలహీనత?"

"భయమండి." (ఆ రోజు తడబడకుండా చెప్పింది ఇదొక్కటే.)

ఇంతలో తలుపు తోసుకుని ఒక తెలుగు ముసలామె వచ్చింది. (రైల్వే పనికని వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ మనవాళ్లు చాలామందే.) "ఏటమ్మా, మా మనవరాల్ని పిలిస్తే నువ్వొచ్చి కూకున్నావేటి?" అని గయ్యిమంది. ఆ అమ్మాయిదీ నా పేరేనట. "పిల్ల బయంతో వాంతి సేసుకుంతంటే మొహం కడిగించి తెచ్చినాను. దాదా, టర్న్ మాది!"

"పిలిచినప్పుడు లేకపోతే అంతే, మళ్లీ అవకాశం లేదు" అన్నాడు మీసాలాయన హిందీలో.

ముసలామె గొంతు దిగిపోయింది. "అలగనకు బాబూ. దీని అయ్య రైల్వే వర్క్‌షాపు నించి రిటైరయిపోనాడు. దీని మీదే ఆశెట్టుకున్నాం. పెబువు మీద ఒట్టు." ఆవిడ వెనక ఆ అమ్మాయి, చున్నీతో మూతి తుడుచుకుంటూ, పాలిపోయి నిలబడి ఉంది.

నా పీహెచ్‌డీ కళ్ల ముందు రైలెక్కి వెళ్లిపోతున్నట్టే అనిపించింది. అయినా లేచాను. "నేను చూడ్డానికొచ్చినదాన్నండి. పొరపాటు నాది, ఆ అమ్మాయిది కాదు. నన్ను పంపించేయండి, ఆమెను అడగండి" అన్నాను. మీసాలాయన ఆ అమ్మాయికి కుర్చీ చూపించి, నాతో "ఆ మూల కూర్చో" అన్నాడు. కూర్చోబోయి, కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో పాటు భయం కూడా పోయిందేమో, అడిగిన ప్రతిదానికీ చక్కగా జవాబు చెప్పింది. ఉద్యోగమూ వచ్చింది. సంగతి విని పులి మాస్టారు నవ్వారు. ఆయన నవ్వడం చూడడం నాకదే మొదలు, కోప్పడినా అంత భయపడేదాన్ని కాదు.

అభ్యర్థి కుదుటపడ్డాకే ప్రశ్నలు మొదలుపెట్టాలని తర్వాత నేను రాసినవన్నీ ఆ మధ్యాహ్నం పుణ్యమే. వాటికి పేరొచ్చింది, పదవొచ్చింది, నా కింద పరిశోధన చేసే పిల్లలొచ్చారు. నేను వస్తున్న అలికిడికే వాళ్ల గదిలో కబుర్లు ఆగిపోతాయి. పాపం, తలుపు తీసే ముందు నేను బయట నిలబడి ధైర్యం కూడదీసుకుంటానని వాళ్లకేం తెలుసు!