కథ అయిపోయాక మా తమ్ముడు తోలిన బస్సు

మా తమ్ముడు పద్దెనిమిదేళ్లు సిటీ బస్సు తోలాడు. ఒక్కరికీ గోటి గాయం కానివ్వలేదు. నాలుగు నెలల కిందట ఎవరో సైకిలాయన అడ్డం వస్తే తప్పించబోయి స్తంభాన్ని గుద్దాడు. సైకిలాయన దులుపుకుని పోయాడు. బస్సులో ఇద్దరికి తలలు పగిలాయి, వీడికి కుడికాలు విరిగింది. కాలు అతికిందని డాక్టరు చెప్పి నెలరోజులైంది. "బలం రావట్లేదక్కా" అంటాడు వీడు. ఆ మాటే పట్టుకుని వేలాడుతున్నాడు.

మంచాన ఉన్నప్పుడు పొద్దుపోవడానికి వాడి కూతురు టీవీకి తగిలించే వీడియో గేమ్ తెచ్చిచ్చింది. అందులో ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చట. దొంగల ముఠా కథేదో ఉంటే మూడు వారాల్లో ముగించేశాడు. హమ్మయ్య, పీడా విరగడైంది అనుకున్నాను. "కథ అయిపోయాకే అత్తా అసలు ఆట" అంది ఆ పిల్ల. పందేలు వేసుకోవచ్చట, దాచిన వస్తువులు వెతకొచ్చట, చేపలు పట్టొచ్చట, విమానంలోంచి దూకొచ్చట. వీడేం చేశాడో తెలుసా? ఆ ఊళ్లో ఒక బస్సును వెతికి పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే డ్యూటీకి ఎక్కినట్టు ఎక్కుతాడు. ఎర్రలైటు పడితే ఆగుతాడు. ఆ ఆటలో ఎర్రలైటుకి ఆగే వెర్రిబాగులవాడు వీడొక్కడే! వెనక బండ్లు వచ్చి గుద్దినా కదలడు. చూసిచూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇవాళ పదింటికి డిపోలో వాడికి డ్రైవింగ్ పరీక్ష. పోకపోతే డ్రైవర్ల జాబితాలోంచి పేరు కొట్టేసి గేటు దగ్గర కాపలాకి కూర్చోబెడతారు. ఎనిమిదిన్నరకి నేను కుట్టుమిషను ఆపి వెళ్లి చూస్తే, యూనిఫాం ఇస్త్రీ మడత విప్పకుండా అలాగే ఉంది. వీడు బనియనుతో టీవీ ముందు.

"లేవరా."

"ఈ ట్రిప్పు అయిపోనీ."

"నీ ట్రిప్పు తగలెయ్య! అక్కడ ఉద్యోగం పోతుంటే ఇక్కడ బొమ్మబస్సు తోలుతావా? సిగ్గూ శరం ఉందా?"

"కాల్లో బలం లేదంటే వినవేం?"

నాకు ఒళ్లు తెలియలేదు. వాడి చేతిలోంచి ఆ ఆట మీటల పెట్టె లాక్కుని, దొరికినవన్నీ నొక్కాను. బస్సు కాలిబాట ఎక్కి, సైకిలు మీద పోతున్న ఒకామె మీదికి దూసుకుపోయింది. "అక్కా, బ్రేకు!" అని అరుస్తూ వాడు కుడికాలు నేలకేసి తన్నాడు. కుర్చీ జానెడు వెనక్కి జరిగింది.

ఇద్దరం ఆ కాలి వంకే చూశాం.

"బలం లేని కాలు ఇదేనా? నెల్రోజులుగా నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

వాడు తల దించుకున్నాడు. "కాలు బానే ఉందక్కా. నిజం బస్సులో జనం ఉంటారు. అదే భయం. ఇందులో ఎవరూ ఎక్కరు."

నా కోపం చల్లారిందనుకుంటున్నారేమో, రెట్టింపైంది. ఈ ముక్క చెప్పడానికి నెల పట్టిందా? నాకు చెప్పకుండా కడుపులో పెట్టుకుని కుమిలిపోతాడా, నేనేమన్నా పరాయిదాన్నా?

"పరీక్ష బండిలో జనం ఉండరు. ముందు అది తోలు. రేపు మొదటి ట్రిప్పులో నీ వెనక సీట్లో నేను కూర్చుంటా. నా తల పగిలితే నా ఖర్మ. లే!"

వాడు లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. విప్పి నేనే పెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగితే, అది వాడికి తెలియకుండా ఇంకాస్త గట్టిగా తిట్టాను.