పురుగు డ్యూటీకి పోయింది

పాసయ్యాను! ముందు ఈ మాట చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడదు. ఎప్పుడో మిగిలిపోయిన ఇంగ్లిష్ పేపరు ఇన్నేళ్ళకు పాసయ్యాను. మా రెండు వైపులా వెతికినా మొట్టమొదటి డిగ్రీ నాదే. ("నీకంటె ముందు నేనే డిగ్రీ అయితనేమో అనుకున్న మమ్మీ" అన్నాడు ఆరో తరగతి చదివే నా కొడుకు.)

నా డిగ్రీ తెలంగాణ ఉద్యమం రోజుల్లో. అప్పుడు పరీక్ష రాయడం కంటే పరీక్ష జరగడమే కష్టం. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి పరీక్ష వాయిదా. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో మాది ఒంటిగది కిరాయి ఇల్లు, ఆ గది నడిమధ్య మంచమేసుకుని మా నాన్న. ఎల్బీనగర్ రూటులో సిటీ బస్సు నడిపేవాడు. తెలంగాణ కోసం సమ్మెలో దిగి, జీతం లేక ఇంట్లో పడ్డాడు. మొదట్లో అమ్మ ఆయన్ని వీరుడిలా చూసుకుంది, చాయ్ మీద చాయ్. పోనుపోను చాయ్ ఒక పూటకు దిగింది. ఆ తరవాత చీపురు పట్టుకుని "జర కాళ్ళు ఎత్తు" అనడం, ఆయన ఎత్తడం, ఈవిడ మంచం కింద ఊడ్చుకుంటూ పోవడం. తోచక ఆయన నా చదువు మీద పడ్డాడు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"కథ నాన్నా. ఒకాయన పొద్దున లేచేసరికి పే...ద్ద పురుగై ఉంటడు."

"మరి డ్యూటీ?"

"పురుగుకు డ్యూటీ ఏంది నాన్నా!"

"గట్లెట్ల? లీవ్ పెట్టిండా? ఆఫీసుల ఎవరన్న చెప్పిన్రా?"

నేను తల పట్టుకున్నాను. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ, "డ్యూటీ సంగతి తర్వాత. ఏం తిన్నడు?" అంది. పాచిపోయినవి తిన్నాడన్నాను. "ఆ ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అని వాళ్ళను తిట్టిపోసి, అదే ఊపులో నాన్నతో "కాళ్ళు ఎత్తు" అంది.

వీళ్ళతో వేగలేక పై వాటా ఆంటీ దగ్గరికి పోయాను. (మా ఇంటి ఓనరు, గుంటూరు వైపావిడ, కోచింగ్ సెంటర్లో ఇంగ్లిష్ చెప్పేవారు.) మెట్ల మీదే నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు. "అది మనిషి సొంతింట్లోనే పరాయివాడైపోవడం గురించమ్మా. సంపాదించినన్నాళ్ళే ఇంటివాడు. మానేశాడో, మంచమూ వాడూ ఒకటే వాళ్ళకి!" క్లాసులో చివరి బెంచీకి వినిపించే గొంతు ఆవిడది.

కిందికొచ్చేసరికి నాన్న కాళ్ళు ముడుచుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాడు. "ఆఖరికి ఏమైతడు బిడ్డా, ఆ పురుగు?" అన్నాడు మెల్లగా.

గైడులో చూసే ఉన్నాను. పురుగు చచ్చిపోతుంది, ఇంటివాళ్ళు హమ్మయ్య అనుకుని షికారు పోతారు. ఆ ముఖం చూస్తూ అది చెప్పడం నావల్ల కాలేదు.

"బాగైతడు నాన్నా. ఒక పొద్దున లేచేసరికి మళ్ళ మనిషైతడు. చాయ్ తాగి డ్యూటీకి పోతడు."

"గట్లుండాలె కథంటే!"

ఆ సాయంత్రం అమ్మ అడక్కుండానే రెండో చాయ్ పెట్టింది. ఇక రోజూ అదే కథ. రోజుకో ముక్క కలిపాను: పురుగు వాళ్ళమ్మ యూనిఫాం ఇస్త్రీ చేయించింది, టిఫిన్ డబ్బాలో ఇష్టమైన పచ్చిపులుసు పెట్టింది, తోటి డ్రైవర్లు దండ వేశారు.

ఎట్టకేలకు ఒకరోజు పరీక్ష నిజంగానే జరిగింది. అడిగింది ఆ పురుగునే! పెన్ను ఆగలేదు. ఎల్బీనగర్ సెంటర్ నుంచి షేర్ ఆటోలో సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, నేను ఇంగ్లిషులో పచ్చిపులుసు దాకా రాసి వచ్చానని.

ఫెయిలు. "గంత మంచిగ రాస్తే! దిద్దినోనికి మనసు లేదు" అని నాన్న చాలాకాలం తిడుతూనే ఉన్నాడు. నేను చచ్చినా అసలు సంగతి చెప్పలేదు. పెళ్ళి, పిల్లాడు, ఉద్యోగం, ఆ పేపరు అట్లాగే ఉండిపోయింది. మొన్న పాత బ్యాచులకు ఆఖరి అవకాశం ఇచ్చారు. పాత సిలబస్సే, పాత పురుగే. ఈసారి గుండె రాయి చేసుకుని పద్ధతిగా చంపేశాను. పచ్చిపులుసు రాసొచ్చిన అప్పటి ఆ పిల్ల చూస్తే నాతో మాట్లాడేది కాదు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: పై వాటా ఆంటీ (అప్పుడు నేనేం రాశానో తెలిసింది ఆవిడ ఒక్కరికే). నల్గొండలో మేనమామ. చిన్నత్త. అల్మాస్‌గూడలో అమ్మ. అమ్మ చేతిలోంచి ఫోన్ గుంజుకునే నాన్న. రిటైరై మళ్ళీ మంచమెక్కిన ఆయన అడుగుతాడు, "ఈసారన్న ఆ పురుగును డ్యూటీకి పోనిచ్చిండ్రా?" అని. పోయిండు నాన్నా, అంటాను. పాసయ్యాను కదా, నమ్ముతాడు.