వదలని ఇనుము

సిద్ధార్థి నామ సంవత్సరం, భాద్రపద మాసం. కొత్తపేట కాలువ బంగళాకి టెలిగ్రాఫ్ తీగ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కొబ్బరితోటల మధ్య నుంచి ఆ తీగ గాలికి హూఁ అని మూలిగేది. దాని కిందుగా నడవాల్సి వస్తే ఆడవాళ్లు తల మీద కొంగు కప్పుకునేవారు.

నేను బండారులంక సాలెల ఆడపడుచుని. నాకు అక్షరాలు మనవలు పుట్టాక వచ్చాయి. అంతకు ముందు వచ్చిన విద్య ఒక్కటే, రాట్నం మీద నూలు కండె చుట్టడం. భర్త పోయాక, ఒక్కతే కూతురు సుబ్బుల్ని ఇచ్చిన లంక కొత్తపేటకి ఎదురుగా గోదావరిలో ఉంది కదా అని, కొత్తపేటలోనే చిన్న ఇల్లు చూసుకుని ఉండేదాన్ని. బంగళాలో టెలిగ్రాఫ్ బాబు రంగారావు గారు నా రాట్నం చూసి, తీగ చుట్టే పని ఇచ్చారు.

ఆ పని గురించి చెప్పాలి. టెలిగ్రాఫ్ యంత్రంలో ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దాని చుట్టూ పట్టుదారం తొడిగిన సన్నని రాగితీగను పొరలు పొరలుగా చుడతారు. దాన్ని కాయిల్ అంటారు. పట్టుదారం ఎందుకంటే, ఒక చుట్టులోని రాగి పక్క చుట్టును తాకకూడదు. బ్యాటరీ అంటే జాడీల్లో రాగి, జింకు రేకులు పులుసులాంటి మందులో ముంచి ఉంచేది. దాని శక్తి తీగ గుండా వచ్చినంతసేపూ కడ్డీ అయస్కాంతమవుతుంది. ఎదురుగా ఉన్న ఆర్మేచర్ అనే చిన్న ఇనుప పలకను టక్కున లాక్కుంటుంది. శక్తి ఆగితే వదిలేస్తుంది. అప్పుడు స్ప్రింగు పలకను వెనక్కి లాగుతుంది. ఈ పట్టుకోవడం, వదలడం మధ్య ఉన్న వ్యవధే మాట.

ఆ నెల్లో ఒక పిడుగు తీగ మీద పడింది. కాయిల్ మాడిపోయింది, కడ్డీ పగిలింది. మద్రాసు నుంచి కొత్తది రావాలంటే వర్షాలు తగ్గాలి. ఈలోగా గోదావరి రంగు మారింది. నురగ, వేళ్లతో సహా కొట్టుకొచ్చే చెట్లు. లంకవాళ్లు ప్రతి వరద పోటుకీ ఇల్లు వదలరు. గొడ్లనీ గాదెలనీ వదిలి ఎలా వస్తారు? ధవళేశ్వరం నుంచి నీటిమట్టం కబురు వస్తేనే కాలువల పని చూసే దొరగారు పడవలు పంపేవారు. లంకలో సుబ్బులు ఉంది, దాని ఒళ్లో పాలు తాగే బిడ్డ ఉంది.

కమ్మరి వీరాచారి గారు కడ్డీ చేసి ఇచ్చారు. నేను కొత్త తీగ చుట్టాను. రంగారావు గారు బ్యాటరీ తగిలించారు. టక్. పలక కిందికి వచ్చింది.

ఇక పైకి లేవలేదు.

ఆయన బ్యాటరీ తీగలు రెండూ ఊడదీశారు. అయినా లేవలేదు. గోటితో ఎత్తితే లేచింది, వదిలితే మళ్లీ టక్. ఎవరో వేలితో నొక్కి పట్టుకున్నట్టుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు పోలయ్య మొహం పాలిపోయింది. రంగారావు గారికి ముందు అక్కడ పనిచేసిన కామేశం గారు జ్వరం తగిలి ఆ బల్ల దగ్గరే, ఆ కుర్చీలోనే పోయారు. యంత్రం ఊరికే కొట్టుకుంటుంటే చూపుడువేలితో పలకను నొక్కి ఆపడం ఆయనకు అలవాటు.

"ఆయనేనండీ," అన్నాడు పోలయ్య. "ఏలు తియ్యట్లేదండీ. నిన్న కుర్చీ ఎవరో కదిపేరు, నే సెప్పేను కదండీ!"

"నోరు ముయ్యి పోలయ్యా," అన్నారు రంగారావు గారు. కానీ ఆయన కూడా ఆ కుర్చీ వైపు చూడలేదు.

నాకు కామేశం గారంటే భయం లేదు. బతికుండగా మంచాయన. నా భయమంతా లంక మీద. కాయిల్లో ఏదైనా పోగు తెగిందేమో చూద్దామని, పోగులు సర్దే ఇనుప సూది బల్ల మీద పెట్టి వంగాను. ఆ సూది దానంతటదే మెల్లగా తిరిగింది. బల్ల మీద పాకుతూ పోయి కడ్డీకి అతుక్కుంది. బ్యాటరీ లేదు. తీగలు నేల మీద పడున్నాయి. పోలయ్య దణ్ణం పెట్టి గుమ్మం దాటేశాడు.

రంగారావు గారు మాత్రం సూది వైపు చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగారు.

"నరసమ్మగారూ, ఈ కడ్డీ దేంతో చేసేరండీ ఆచారి గారు?"

వానలోనే కొలిమి దగ్గరికి పోయాం. వీరాచారి గారు మీసం దువ్వుకున్నారు.

"దేంతో అంటారేంటండీ! సర్కారు వారి పని కదా. మా నాన్నగారి నాటి కత్తి ఉందండి, అసలైన ఉక్కు. దాన్నే సాగదీసేను. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి పదును పెట్టేను. మీ మనవల దాకా ఉంటదండీ."

రంగారావు గారు తల పట్టుకున్నారు. తర్వాత నవ్వారు. ఆ వారంలో నేను విన్న మొదటి నవ్వు అదే.

"ఆచారి గారూ, మీరు మరీ మంచిది ఇచ్చేరండీ. ఉక్కు ఒకసారి అయస్కాంతమైతే వదలదు. మాకు కావల్సింది మెత్తని ఇనుము. పట్టుకోవాలి, వదిలెయ్యాలి."

"అంటే పదును లేకుండానా? పదును లేని ఇనుము నా కొలిమి దాటదండీ. ఊళ్లో నవ్వరూ?"

"అన్నయ్యగారూ," అన్నాను, "నా సుబ్బులు లంకలో ఉంది. నవ్వితే నన్ను చూసి నవ్వమనండి."

ఆచారి గారు పాత బండిచక్రం ఇనుప పట్టా ముక్క తీసి కొలిమిలో పెట్టారు. ఎర్రగా కాలాక అలవాటు కొద్దీ చెయ్యి నీళ్ల తొట్టి వైపు పోయింది. ఆగారు. పళ్లు బిగబట్టి దాన్ని ఊకబూడిదలో పూడ్చారు, దానంతటదే చల్లారి మెత్తబడడానికి. పసిబిడ్డను పూడుస్తున్నట్టుంది ఆయన మొహం.

మర్నాడు పొద్దున్నే మళ్లీ చుట్టాను. బ్యాటరీ తగిలిస్తే టక్. తీస్తే పైకి. ఇంకో గడియకి తీగ మాట్లాడింది. రంగారావు గారు వింటూ వింటూ పీట మీంచి లేచి నిలబడి, "పడవలు! పోలయ్యా, దొరగారితో చెప్పు, పడవలు!" అని అరిచారు. చీకటి పడేలోగా లంకవాళ్లు గట్టెక్కారు. ఆ తర్వాత లంక కనిపించలేదు, నీళ్లే. సుబ్బులు తడిసి ముద్దై, చంకలో బిడ్డతో వచ్చి నా మీదే ఎగిరింది.

"కోళ్లని ఎక్కించుకోనివ్వలేదమ్మా ఆ పడవోళ్లు! నువ్వు చెప్పకూడదూ?"

ఆ రాత్రి జాడీల్లో మందు మార్చడానికి బ్యాటరీ విప్పి పక్కన పెట్టాక, పలక ఒక్కసారి కదిలింది. టక్. పైకి లేచింది. మెత్తని ఇనుమే, తీగ చివర జాడీలు లేవు. "సెలవు తీసుకున్నారండీ," అన్నాడు పోలయ్య. దూరాన ఎక్కడో మెరుపు తీగకి తగిలితే అలా అవుతుందని రంగారావు గారు నాకు చెప్పారు. చెప్పారు గానీ, ఆ కుర్చీలో ఆయన ఎన్నడూ కూర్చోలేదు.

తర్వాత చాలా కాయిళ్లు చుట్టాను. చుట్టేముందు కడ్డీకి సూది తాకించి, వదులుతుందా లేదా చూసేదాన్ని. కబురు మోసేవాటికి వదలడం రావాలి. వదలనివాటిని పారేయక్కర్లేదు, వేరే పనికి పెట్టుకోవాలి. వీరాచారి గారి నాన్నగారి ఉక్కుముక్క నా కుట్టుపెట్టెలోనే ఉంది. కళ్లు ఆననప్పుడు చాప మీద తిప్పుతాను. పోయిన సూది దానంతటదే వచ్చి అతుక్కుంటుంది.