నిండు హెల్మెట్టూ ఒక ఒడియా మాటా

ఆ రోజుల్లో మా ఒడిశా బెరంపురంలో హెల్మెట్టు తలకి సంబంధించిన వస్తువు కాదు, మోచేతికి సంబంధించినది. కొందరు దాన్ని బండి అద్దానికి తగిలించేవారు, కొందరు పెట్రోలు ట్యాంకు మీద పసిపిల్లాడిలా కూర్చోబెట్టుకునేవారు. పోలీసు కనపడితే మాత్రం అందరి చేతులూ ఒక్కసారే పైకి లేచేవి, ఆయన్ని దాటగానే హెల్మెట్టు మళ్లీ మోచేతికి దిగిపోయేది. అలాంటి ఊళ్లో గడ్డం దాకా మూసేసే నిండు హెల్మెట్టుని పట్టీ బిగించి రోజూ నెత్తిన పెట్టుకు తిరిగిన మొదటి కొద్దిమంది వెర్రివాళ్లలో నేనొకణ్ణి. ఇందులో నా వివేకం ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మా పెదనాన్న పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. దానివల్ల నా పెళ్లి తప్పిపోబోయిందంటే ఇప్పటివాళ్లు నమ్మరు.

మా పెదనాన్నకి ఊళ్లోనే గోసాని నువాగాం పేటలో బండి సామాన్ల దుకాణం ఉండేది. సీటు కవర్లు, బ్రేకు వైర్లు, అద్దాలు, సగం తల కప్పే టోపీ హెల్మెట్లు అమ్మేవారు. ఒకరోజు కటక్ వ్యాపారి ఒకాయన నమూనాగా ఒక నిండు హెల్మెట్టు పంపాడు. నల్లగా నిగనిగలాడుతూ, ముందు అద్దం పైకీ కిందకీ ఆడుతూ, చూడ్డానికి దర్జాగానే ఉంది. కానీ మా పెదనాన్న వాడి చూడని వస్తువు అమ్మే మనిషి కాదు (ఆడవాళ్ల స్కూటీ సీటు కవరు కూడా తన బండికి తొడిగి వారం తిరిగారు). నేనప్పుడు అదే ఊళ్లో లంజిపల్లి పేటలో ఉంటూ, గంజాంలో ఒక రసాయనాల కార్ఖానా ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగానికి రోజూ బండి మీద వెళ్లొచ్చేవాణ్ణి. "ఒరే, నువ్వు రోజూ గంజాం ఎల్తావు కదా. ఓ నెల ఇదెట్టుకు తిరుగు. ఏటి బాగుందో, ఏటి బాగునేదో సెప్పు. బాగుంటే దసరాకి తెప్పిద్దుము," అన్నారు.

తొడిగి చూపించే పని భైనాది. భైనా అంటే ఒడియాలో అన్నయ్య. దుకాణంలో గల్లా దగ్గర నా చిన్నప్పటినుంచీ ఉన్న ఒడియా పెద్దమనిషి ఆయన, మా తెలుగే మాట్లాడతాడు గానీ మధ్యమధ్యలో తన భాష కలుపుతాడు. హెల్మెట్టు నా చెవుల దగ్గర ఆగిపోయింది. భైనా పైనుంచి రెండు చేతులతో నొక్కి, నొక్కి, చివరికి "ముండొ బొడొ, బాబు" అని తీర్పు చెప్పాడు. తల పెద్దదిట. పెద్ద సైజు తెప్పించారు.

ఇక్కడ ఆ మాట గురించి కాస్త చెప్పుకోవాలి. ఒడియాలో ముండొ అంటే తల. మా ఇళ్లల్లో ఒడియా పక్కింటి భాష కాదు, సగం వంటింటి భాష. తరాలు గడిచేసరికి ఆ మాట చివరి ఒకారం మా నోళ్లలో అరిగిపోయి ఉట్టి 'ముండ' మిగిలింది. ముండ నొప్పి, ముండకి నూనె, ముండ తుడుచుకో. మా నాయనమ్మ దేవుడి గదిలో కూడా శుభ్రంగా అనేది. అటు ఆంధ్రా తెలుగులో అది ఆడవాళ్లని పట్టుకు తిట్టే పాడుమాట అని మాకు తెలియక కాదు (సినిమాలు మేమూ చూస్తాం). కానీ ఆ తిట్టు ఒక గదిలో, ఈ తల ఇంకో గదిలో ఉండేవి. రెండూ ఎదురుపడే అవసరం అంతవరకూ రాలేదు.

హెల్మెట్టు పరీక్ష మొదలైంది. నాకు కళ్లజోడుంది. ముందు హెల్మెట్టు, ఆ తర్వాత సందులోంచి కళ్లజోడు దూర్చాలి. తీసేటప్పుడు ముందు కళ్లజోడు తీయాలి, మర్చిపోతే చెవులు కూడా దాంతోపాటు వచ్చేస్తాయేమోననిపించేది. ఛత్రపూర్ దాటగానే, ఎందుకో సరిగ్గా అక్కడే, ముక్కు దురద పెట్టేది. వేలు వెళ్లి అద్దానికి కొట్టుకునేది. లోపల తుమ్మితే ఎలా ఉంటుందో రాయను. నా ఊపిరికే అద్దం మసకబారిపోయి, ముందున్నది లారీయో లోకమో తెలిసేది కాదు. ఋషికుల్య వంతెన ఎక్కగానే సముద్రపు గాలి తలకాయని పట్టుకుని పక్కకి తిప్పేసేది, సాయంత్రానికి మెడ పట్టేసేది. మంచి లేకపోలేదు. కళ్లలో దుమ్ము లేదు, నోట్లో పురుగులు లేవు, వానలో మొహం మీద సూదులు లేవు. దారిలో ఎవరూ గుర్తుపట్టి లిఫ్టు అడగడం లేదని ఫిర్యాదు చేస్తే, "అది గుణమేరా, ఎర్రోడా," అన్నారు పెదనాన్న. ఒకరోజు వంతెన దిగుతూండగా ముందు వెళ్తున్న లారీ చక్రం కిందనుంచి రాయి ఎగిరి గడ్డం దగ్గర ఠక్కున తగిలింది. ఇంటికొచ్చి చూస్తే అక్కడ గుంట పడింది. టోపీ హెల్మెట్టే అయితే ఆ గుంట నా పళ్లలో ఉండేది.

సరిగ్గా ఆ నెలలోనే నాకు తెనాలి సంబంధం వచ్చింది. విశాఖలో ఒక చుట్టాలింట్లో పెళ్లిచూపులు జరిగాయి. ఏం చేస్తుంటారని ఆ అమ్మాయి అడిగితే, కంగారులో ఉద్యోగం మాట మర్చిపోయి హెల్మెట్టు పరీక్షిస్తున్నానని చెప్పాను. పెద్దవాళ్లున్నారని కూడా చూడకుండా పకపకా నవ్వేసింది. డొంకతిరుగుడెందుకు, నాకు చాలా నచ్చింది. నేనూ నచ్చానని కబురొచ్చింది. ఫోన్లో మాట్లాడుకోవచ్చని అనుమతి కూడా వచ్చింది. ఆ ఫోన్ల కోసం నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు. తెనాలివాళ్ల ముందు మా యాస బయటపడకూడదని నా నోటికి కూడా ఒక హెల్మెట్టు తొడిగాను. ఏటి అనబోయి ఏమిటి, సెప్పండి అనబోయి చెప్పండి, ఎల్తాను అనబోయి వెళ్తాను. అన్నీ జల్లెడ పట్టి మాట్లాడేవాణ్ణి. ఒక సాయంత్రం మాత్రం, "ఈ హెల్మెట్టు బరువుకి ముండ పగిలిపోతోందండీ," అన్నాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "తగ్గుతుందిలెండి," అంది. ఎంత జాలిగుండె అనుకున్నాను.

ఇక మిగిలింది వాళ్ల మేనమామ. తండ్రి లేని పిల్ల, పెంచింది ఆయనే. రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన వచ్చి మా సంగతి విచారించుకుని ఊఁ అంటే పెళ్లి, ఊహూఁ అంటే లేదు. వస్తానన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు. ఒక శనివారం మధ్యాహ్నం, పెదనాన్న భోజనానికి ఇంటికి వెళ్లిన వేళ, గొడుగు పట్టుకుని తిన్నగా దుకాణానికి వచ్చేశారు. అక్కడ జరిగింది తర్వాత భైనా మాకు ఎంతో గర్వంగా వర్ణించాడు.

మాస్టారు తానెవరో చెప్పి, "అబ్బాయి ఎలాంటివాడయ్యా?" అని అడిగారట.

"బంగారం సార్ మా బాబు! తాగుడు నేదు, సిగరెట్టు నేదు. ఆడికి ముండొ ఒకటే ముఖ్యం."

"ఏందీ?"

"ముండొ, సార్! రోజూ గంజాం ఎల్తాడు కదా. మునుపు ఊరికే ఎల్లిపోయీవోడు. ఇప్పుడు ముండొ జాగ్రత్త సూసుకోకుండా బండే తియ్యడు."

"ఈ సంగతి వాళ్ల పెదనాన్నగారికి తెలుసా?"

"భలేవోరే! ఇప్పించింది ఆయనే కదా! ఓ నెల సూడు, బాగుంటే దసరాకి ఇంకా తెప్పిద్దుము అన్నారు."

మాస్టారు గొడుగు కర్ర గట్టిగా పట్టుకుని గుటకలు మింగారట. (ఎండకి దాహమేసిందనుకుని భైనా మంచినీళ్లు కూడా ఇచ్చాడు.) ఆ క్షణంలోనే నేను ఊడిపడ్డాను. అద్దం మసక, లోపల కళ్లజోడు మసక. ఎదురుగా గొడుగు పట్టుకున్న ఆకారం ఒకటి ఏదో అంటోంది. నాకు వినపడింది 'ఊఊ నువ్వేనా ఊఊ' అని మాత్రమే. ఎవరో బేరం అనుకున్నాను. గడ్డం కింద పట్టీ చిక్కుపడి రావడం లేదు. లోపలినుంచే గట్టిగా అరిచాను.

"ఒక్క నిమిషం ఆగండి సార్! ముండ ఇరుక్కుపోయింది! రోజూ ఇదే గోల. తగిలించుకోవడం సులువే, వదిలించుకోవడమే చావు!"

హెల్మెట్టు ఊడి వచ్చి, కళ్లజోడు తుడిచి పెట్టుకునేసరికి గొడుగు సందు మలుపు తిరిగిపోతోంది.

మర్నాడు తెనాలినుంచి ఫోను. సంబంధం వద్దన్నారు. కారణం అడిగితే, మీ కొట్లోవాళ్లనే అడగండి అని పెట్టేశారట. భైనాని పిలిచి ఇంట్లో పంచాయితీ పెట్టారు. ఆయన జగన్నాథుడి మీద ప్రమాణం చేసి, తానన్న ప్రతి మాటా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. పెదనాన్న, అమ్మ, నేను, అందరం బుద్ధిగా విన్నాం. "ఇందులో తప్పేటుంది?" అన్నారు పెదనాన్న. నిజమే, మాకెవరికీ తప్పు కనపడలేదు. "ఇంతకన్నా బాగా ఎవులు సెప్తారు," అంది అమ్మ. భైనాకి కాఫీ కూడా ఇచ్చింది.

నాకు మాత్రం కాఫీ దిగలేదు, అన్నం దిగలేదు. సోమవారం ఆఫీసుకి వెళ్తూ ఋషికుల్య వంతెన మీద ఏడ్చాను. అద్దం దించుకుని ఏడవడానికి అది చాలా అనువైన వస్తువు. లారీలవాళ్లకి గానీ బస్సులవాళ్లకి గానీ ఏమీ తెలియదు. తుడుచుకోవడానికి మాత్రం వీలుండదు. (ఈ గుణం, ఈ దోషం రెండూ పెదనాన్నకి చెప్పలేదు.)

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ ఊళ్లో తలకాయని ఏమంటారు?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే, అలవాటు కొద్దీ మాట జల్లెడ పట్టి, "తల అనే అంటామండీ. శిరస్సు అని కూడా అనవచ్చును," అన్నాను.

"అలా కాదండీ. ఇంట్లో. మీ పెదనాన్నగారితో మాట్లాడేటప్పుడు."

"ఇంట్లోనా? ముండ అంటాం."

అటునుంచి ఉక్కిరిబిక్కిరైన చప్పుడు వచ్చింది. ఏడుస్తోందనుకుని నా ప్రాణం ఉసూరుమంది. ఏడవడం కాదు, నవ్వుతోంది. నవ్వి నవ్వి, ఊపిరి తిప్పుకుని, మళ్లీ నవ్వి, "ముండ పగిలిపోతోంది అని ఆరోజు మీరన్నప్పుడు హెల్మెట్టుని తిడుతున్నారనుకున్నాను. మీ కొట్లో విన్నవన్నీ మామయ్య చెప్పాక గానీ అనుమానం రాలేదు," అంది. అప్పుడు వెలిగింది నాకు. ఆ రెండు గదుల తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. భైనా చెప్పినదంతా, నేను అరిచినదంతా తెనాలి చెవితో మళ్లీ విన్నాను. అక్కడే గోడకి చేరబడి కూర్చుండిపోయాను.

ఆవిడ ఫోను మేనమామకిచ్చింది. ఆయన కాసేపు గొంతు సవరించుకుని, "అదికాదయ్యా, సంస్కృతంలో కూడా ముండమంటే శిరస్సే. ముండనం అనేది అందుకే. అన్నేళ్లు పిల్లలకి చెప్పినవాణ్ణి, ఆ రోజు ఎండకి తట్టలేదు," అన్నారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. పక్కనే నిలబడి వింటున్న మా పెదనాన్న నా చేతిలోంచి ఫోను లాక్కుని, "మాస్టారూ, మీకేటీ అనుమానం ఒద్దు! మావోడి ముండ మా దుకాణంలో అందరికీ తెలుసు!" అన్నారు.

"అర్థమైందండీ. ఇంక చెప్పకండి. ముహూర్తం పెట్టించండి," అన్నారు మాస్టారు.

దసరాకి నిండు హెల్మెట్లు వచ్చాయి. నా నివేదిక ఏమిటని పెదనాన్న అడిగితే దోషాలన్నీ ఏకరువు పెట్టి, ఆఖర్న గడ్డం దగ్గరి గుంట చూపించాను. ఆయన దాని మీద వేలు పెట్టి చూసి, "సాలు," అన్నారు. ఆంధ్రా వైపునుంచి ఎవరొచ్చినా భైనా నోరు తెరవకుండా నీళ్లు మాత్రం ఇవ్వాలని కొత్త నియమం పెట్టారు. పెళ్లిలో భైనా అక్షింతలు వేసి, మా ఇద్దరి తలల మీద చెయ్యి పెట్టి ఏదో అనబోతుంటే, మాస్టారు పరుగున వచ్చి ఆయన్ని భోజనాల వైపు తీసుకుపోయారు.

ఇప్పటికి హెల్మెట్లు చాలా మారాయి. అద్దం మసకబారనివి వచ్చాయి, గాలి ఆడేవి వచ్చాయి. నాకు జుట్టు పల్చబడింది గానీ, తల సైజు మాత్రం అదే ఉంది. మొన్న మాస్టారు మా ఇంటికి వచ్చి వసారాలో పేపరు చదువుకుంటున్నారు. నేను తొందరలో ఉత్త తలతో బండి తీసి వీధిలోకి వచ్చేశాను. వెనకనుంచి మా ఆవిడ, ఒకప్పుడు ఆ మాటకి ఫోన్లో బిక్కచచ్చిపోయిన తెనాలి పిల్ల, లంజిపల్లి వీధంతా వినపడేలా కేక పెట్టింది. "ఏటండీ, ముండ మీద జాస నేదా మీకు?"

మాస్టారి చేతిలో పేపరు పైకి లేచి మొహాన్ని పూర్తిగా కప్పేసింది. నేను వెనక్కి వచ్చి, హెల్మెట్టు అందుకుని, పట్టీ బిగించి, అద్దం దించాను. వంతెన మీద ఏడుస్తూ పోయిన ఆ మసక కళ్లజోడు కుర్రాడు ఎందుకో గుర్తొచ్చాడు. కాస్త ఆగరా నాయనా, ఆ తెనాలి పిల్లే ఒకనాడు నిన్ను ఇలా కేకలేస్తుంది అని వాడికి చెప్పాలనిపించింది. చెప్పినా ఆ హెల్మెట్టులో వాడికి వినపడదు. గంజాం దాకా లోపల్లోపలే నవ్వుకుంటూ వెళ్లాను.