ధారాళతకు పదికి నాలుగు

మాట్లాడేవాళ్లకు మార్కులు వేయడం నాకు పాత జబ్బు. పెళ్లిలో పురోహితుడిని కూడా వదలను. అందుకే ములకలపల్లి అవతల ఒక కోయగూడెం బడిలో జనం కోసం సైన్స్ ప్రసంగాలు పెట్టి, వక్తల తీరు చూసి కాగితం నింపే పని సైన్స్ మాస్టారినని నాకు అప్పగిస్తే ఎగిరి గంతేశాను.

మొదటి ప్రసంగం దోమల మీద. చెప్పింది సబ్‌సెంటర్ నర్సు. బొగ్గుగని కార్మికుడి కూతురు, ఆ గూడేనికి కొత్త, కోయ భాష రాదు. గొంతు బాగుంది, బోర్డు మీద గీసిన దోమ ఇంకా బాగుంది. కానీ ఒక్కో మాట చెప్పి ఆగేది. వెనకాల గుసగుసలు లేచేవి. అవి సద్దుమణిగాక మళ్లీ ఒక మాట. ముందు వరుసలో కుర్చీ వేయించుకుని కూర్చున్న నాకు ఒళ్లు మండింది. ధారాళతకు పదికి నాలుగు వేసి, కింద ఎర్ర పెన్నుతో రాశాను: "అనవసరంగా ఆగుతున్నారు. సభ అదుపులో లేదు."

ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చాను. చదువుకుని, "మార్చుకుంట సార్" అంది. ఎందుకు ఆగుతున్నావని నేను అడగలేదు. అడగాలని తోచనేలేదు.

వానలు మొదలయ్యే ముందు రెండో ప్రసంగం, పాముకాటు మీద. నేను ఆలస్యంగా వెళ్లాను. కుర్చీ దొరక్క ఆడవాళ్ల వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాను. నర్సు ఈసారి ఎక్కడా ఆగలేదు. కాటు పైన తాడు కట్టొద్దని, కోయొద్దని, కాలు కదపనీయకుండా జల్దీ దవాఖానాకు తీసుకుపోవాలని మైకులో గడగడా చెప్పుకుపోయింది. మనసులోనే తొమ్మిది మార్కులు వేశాను. అంతా నా చలవే అనుకున్నాను కూడా.

అప్పుడే నా ముందు కూర్చున్న ముసలమ్మ, కొంగును పిక్క చుట్టూ బిగించి చూపిస్తూ పక్కనున్నామెను కోయలో ఏదో అడిగింది. ఆమె తలూపింది.

"ఏమంటుందమ్మా?" అన్నాను.

"పాము కరిస్తే గిట్ల గట్టిగ కట్టాల్నా అంటుంది సార్. అవ్ అన్న."

"కట్టొద్దని కదా చెప్పింది!"

"ఏమో సార్, నాకు కట్టు అన్నకాడికే ఇనపడ్డది. పోయినసారి సిస్టర్ ఆగి ఆగి చెప్పింది. ఆమె ఆగినప్పుడల్లా మేం మా ముసలోళ్లకు మా మాటల చెప్పుకున్నం. ఇయ్యాల ఏమైందో ఏమో, ఆగుతనే లేదు."

నా చెవులు కాలిపోయాయి. ప్రసంగం అయిపోయింది, కొందరు లేచి వెళ్లిపోతున్నారు. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లాను. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"సార్, ఈసారి యాడా ఆగలే, చూసిన్రా?"

"బాగ చెప్పినవమ్మా. కాని కట్టు సంగతి ఇంకోసారి చెప్పు, మెల్లగ. వెనక పెద్దోళ్లకు..." నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "వెనక పెద్దోళ్లకు మైక్ సరిగ్గ ఇనపడలేదంట."

ఆమె గాభరా పడిపోయింది. లేచినవాళ్లను పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టింది. కొందరు అప్పటికే గేటు దాటిపోయారు. వాళ్లు ఏం విని వెళ్లారో నాకు ఈరోజుకీ తెలియదు.

"తప్పు నాదే సార్" అంది మైకు అందుకుంటూ. "దూరంగ పట్టుకున్నట్టున్న."

నేను కాదనలేదు.