పదేళ్ల చీటీల్లో లేని కన్ను

పటమటలో జాకెట్లు కుట్టే కుల్సుంకి ముప్పై ఎనిమిదో ఏట, 1996లో, షుగరు బయటపడింది. ఆమె హెమ్మింగు చేస్తే దారం ఎక్కడ దిగిందో కనపడదని పేరు. జబ్బు విషయంలోనూ అంతే శ్రద్ధ. నెలనెలా రామకోటేశ్వరరావు డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకునేది, రాసిన బిళ్లలు తప్పకుండా మింగేది. రంజాను ఉపవాసాలు కూడా ఆయన్ని అడిగే ఉండేది.

2003 నుంచి సూదిలోకి దారం ఎక్కించడం కష్టమైంది. ఆ మాట డాక్టరుతో చెప్పింది.

"నలభై దాటాయి కదమ్మా, అద్దాలు మార్పించుకో" అన్నాడాయన.

మార్పించింది. మళ్లీ చెప్పింది, మళ్లీ అదే జవాబు. మూడు జతలు మారాయి.

2006 వేసవిలో ఒక ఉదయం హుక్సు కుడుతుండగా కుడికంట్లో నల్లటి మసి తీగలు తీగలుగా దిగింది. ఎంత తుడుచుకున్నా పోలేదు. మధ్యాహ్నానికి ఆ కంటికి వెలుతురు తప్ప ఇంకేమీ తెలియలేదు.

కళ్ల డాక్టరు దీవెన ఆమె కంట్లో చుక్కలు వేసి, లైటుతో చూసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

"ఇన్నేళ్ల షుగరుకి కంటి వెనక పొరలో సన్న రక్తనాళాలు మూసుకుపోయాయండీ. అక్కడి కణాలు ఆక్సిజన్ చాలక, రక్తం పంపమని ఒక రసాయనంతో చుట్టుపక్కలకి కబురు పెడతాయి. ఆ కబురుకి కొత్త నాళాలు మొలుస్తాయి. కానీ వాటికి గట్టిదనం ఉండదు, ఇట్టే చిట్లిపోతాయి. మీ కంట్లో జరిగింది అదే."

"ఎప్పట్నుంచి పెడుతున్నాయండీ ఈ కబురు?"

"కొన్నేళ్లుగా. చూపు బాగున్నప్పుడే లోపల మొదలవుతుంది. ఏడాదికోసారి ఇలా చూపించుకుని ఉంటే ముందే తెలిసేది."

కుల్సుంకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నోరులేని కణాలు కూడా కబురు పెట్టాయి. నోరున్న డాక్టరు పదేళ్లలో ఒక్క మాట చెప్పలేదు.

ఎడమకంటికి లేజరు చేసి చూపు నిలబెట్టారు. ఆ రసాయనం పని చేయకుండా అడ్డుకునే ఇంజెక్షను అప్పుడప్పుడే వాడకంలోకి వస్తోంది. కుడికంటికి అదీ వేశారు. మనుషుల ఆకారాలు మాత్రం తెలిశాయి. ఒక్క కంటితో సూదిమొన అందక కుట్టుపని పోయింది.

ఆమె పదేళ్ల మందుల చీటీలు తీసుకెళ్లి రామకోటేశ్వరరావు బల్ల మీద పెట్టింది.

"వీటిలో కన్ను అనే మాట ఎక్కడుందో చూపించండి డాక్టర్ గారూ."

"నేను షుగరు డాక్టర్నమ్మా. కళ్లు నా పని కాదు."

"షుగరు కంటిదాకా పోతుందని మీకు తెలుసా, తెలీదా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పోనీ, ఏడాదికోసారి కళ్లు చూపించుకోమని బయట ఒక బోర్డు పెట్టించండి."

"పేషెంట్లు బెదిరిపోతారమ్మా" అని గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

మర్నాటి నుంచి కుల్సుం వచ్చి రోగుల బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లందరినీ అడిగేది: "కళ్లు చూపించుకున్నారా?" కాంపౌండరు వెళ్లిపొమ్మన్నాడు. "నేనూ ఈ డాక్టరు గారి పేషెంటునే" అంది.

ఉయ్యూరు చెరుకు రైతు రత్తయ్య ఆమె మాట విని వెళ్లి చూపించుకున్నాడు. అతని కంట్లోనూ కొత్త నాళాలు అప్పుడే మొలుస్తున్నాయి. లేజరు చేయించుకుని, నెల తర్వాత వచ్చి ఆమెకి దణ్ణం పెట్టబోయాడు.

"నాకెందుకండీ" అంది కుల్సుం, కోపం తగ్గని గొంతుతో. "లోపలికెళ్లి ఆయన్ని అడగండి, ఇన్నాళ్లూ మీకెందుకు చెప్పలేదో."

రత్తయ్య లోపలికి వెళ్లాడు.