చుట్టాల కోసం సాఫ్ చేసిన చేను

నిన్న పెద్దపల్లి దాటి ఒక పల్లెకు పోతుంటే, జీపు ఆగకముందే విరిగిన పచ్చి మక్కజొన్న కర్రల వాసన ముక్కుకు తగిలింది. రాత్రి పడిన వడగండ్ల వాసన అది. నేను మాట మధ్యలో ఆపేయడం చూసి డ్రైవరు "ఏమైంది మేడం, పానం మంచిగలేదా?" అన్నాడు. పానం బాగానే ఉంది. రాజవ్వ గుర్తుకొచ్చింది, అంతే.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడకముందు, వ్యవసాయ శాఖలో కొత్తగా చేరినప్పుడు, గోదావరిఖని దగ్గరి ఒక పల్లెలో రాజవ్వ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. మాది కొత్తగూడెం. ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రాజవ్వకేమో తెలిసినవాళ్లంతా వెళ్లిపోయారు. ఓపెన్‌కాస్టు గని కోసం ఊళ్లో చాలామంది భూములూ ఇళ్లూ పోయాయి. పరిహారం తీసుకొని జనం పునరావాస కాలనీకి తరలిపోయారు. రాజవ్వ ఇల్లూ, వెనక ఉన్న చేనూ గని హద్దుకు బయట మిగిలిపోయాయి. పరిహారమూ రాలేదు, ఇరుగుపొరుగూ లేకుండా పోయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. గనిలో బ్లాస్టింగు జరిగితే అరల మీది గిన్నెలు గలగలమనేవి. "గీ సప్పుడన్న లేకుంటే ఇంట్ల ఎవలున్నట్టు బిడ్డా" అని నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు ఏడుపొచ్చేది. నేను ఎంత ఆలస్యంగా వచ్చినా తినకుండా కూర్చునేది. తిట్టినా వినేది కాదు.

ఆ యాసంగిలో కోతకొచ్చిన మక్క చేను వడగండ్లకు నేలకొరిగింది. సగానికి పైగా పంట పోతే ప్రభుత్వం పెట్టుబడి రాయితీ ఇస్తుంది. కాకపోతే అధికారి వచ్చి నష్టాన్ని కళ్లారా చూడాలి. ఆ రాయితీ వస్తేనే రాజవ్వకు వానాకాలం విత్తనాలు.

"ఎల్లుండి మా సార్ నీ చేను చూడ్డానికి వస్తున్నారవ్వా" అన్నాను.

"నా చేనుకా? నిజంగనే అత్తరా?" ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఎందుకొస్తున్నారో చెప్పాలని నాకు తోచలేదు.

రెండు రోజులు వేరే ఊళ్లలో తిరిగి, సార్‌ను వెంటబెట్టుకొని వచ్చేసరికి వాకిట్లో కల్లాపి, ముగ్గు, పొయ్యి మీద చాయ. చేనుకు పోయి చూస్తే, విరిగిన కర్ర ఒక్కటి లేదు. అన్నీ కోసి గొర్రెల కాపరులకు ఇచ్చేసింది. వడగండ్లు పడిన చేను కోత అయిపోయిన చేనులా ఉంది.

"పడిపోయిన పంటేదమ్మా?" అన్నారు సార్.

"మనుషులచ్చేకాడ గట్ల పాడువడి ఉంటదా సారూ? సాఫ్ జేసిన."

పడిపోయిన పంటను నేను చూశానని చెప్పాను, బతిమాలాను. "నువ్వు ఆమె ఇంట్లనే ఉంటవు. రేపు నన్నెవరన్నా అడిగితే ఏం జెప్పాలె?" అన్నారాయన. చెడ్డవాడు కాదు, చాయ తాగి, తల దించుకొని వెళ్లిపోయారు. అప్పటికి గానీ రాజవ్వకు సంగతి తెలియలేదు. "నా చేతులతోని నేనే పోగొట్టుకున్ననా బిడ్డా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వానాకాలం సగం చేను బీడు పడింది.

మరుసటి ఏడూ వడగండ్లు వదల్లేదు. "ఈసారి ఒక్క కర్ర ముట్టినా ఊరుకోను" అని బెదిరించాను. ముట్టలేదు. సార్ వచ్చారు, చూశారు, రాశారు. రాయితీ కూడా వచ్చింది. కానీ ఆ రోజు రాజవ్వ బయటికి రాలేదు. చాయ పెట్టలేదు. నేను లోపలికి పోతే పొయ్యి పక్కన గోడవైపు తిరిగి కూర్చొని ఉంది.

"చేను గట్ల వెట్టుకొని మొకమెట్ల సూపియ్యాలె? నా ఇంటికి ఎన్నడన్న ఒకసారి మనుషులత్తరు. గదిగూడ గిట్లనా?"

నేనూ ఆ పొయ్యి పక్కనే కూర్చున్నాను.

రాజవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నష్టం రాసే అధికారిని నేనే. ఎక్కడికి వెళ్లినా ముందు ఇంటికి పోయి, చెప్పులు విడిచి, మంచినీళ్లు అడుగుతాను. "జల్ది మేడం, ఇంకా నాలుగు ఊర్లున్నయి" అని వెంట ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఇంటివాళ్లు హడావిడిగా మంచం వాల్చి కూర్చోమంటారు. కూర్చుంటాను. చేను ఊసు ఎవరూ ఎత్తని ఆ కాసేపు, నేను వాళ్లింటికి వచ్చిన చుట్టాన్ని.